శరత్కాలపు కూరగాయలు, పండ్లు, నట్స్: ఒకే ట్రేలో ఏది దేనితో పొసగుతుంది?

గుమ్మడి, చిలగడదుంప, బీట్‌రూట్, చిట్టి క్యాబేజీల్లా ఉండే బ్రసెల్స్ స్ప్రౌట్స్ వంటి శరత్కాలపు కూరగాయలను ఓవెన్‌లో దోరగా కాల్చి, వాటికి ఒక పండునూ గుప్పెడు నట్స్‌నూ చేర్చి వడ్డించే సైడ్ డిష్‌లో చేతికి పెద్ద పని ఉండదు. శ్రమంతా ఎంపికలోనే ఉంటుంది. కూరగాయలు ఆరు, పండ్లు ఆరు, నట్స్ ఆరు రకాలు అందుబాటులో ఉంటే వాటిని కలిపే తీరులు రెండు వందలు దాటుతాయి. వాటిలో చాలావరకు తినదగినవే అయినా, మళ్ళీ చేసుకోవాలనిపించేవి తక్కువ. మూడు పదార్థాలూ ఒకే రుచివైపు మొగ్గడమే ఇందుకు ప్రధాన కారణం. తియ్యటి గుమ్మడికి తియ్యటి ఎండుపండును జోడించి, పైన తేనె పట్టించిన పీకాన్లు అనే నట్స్ చల్లితే అది భోజనంలో నంజుకునే పదార్థంగా కాక సగం మిఠాయిగా తయారవుతుంది, రెండో వడ్డనకు ఎవరూ చేయి చాపరు.

అందువల్ల ఎంపికకు నేను పాటించే సూత్రం ఇది: కూరగాయ తీపిని ఇస్తున్నప్పుడు పండు పులుపును ఇవ్వాలి, నట్ కరకరతో పాటు కాస్త వగరునూ ఇవ్వాలి. కూరగాయ స్వతహాగా చేదుగానో చప్పగానో ఉన్నప్పుడు మాత్రమే పండుకూ నట్‌కూ తియ్యగా ఉండే హక్కు ఉంటుంది. రుచి తరువాత చూడవలసినది సమయం, ఎందుకంటే ఈ మూడింటిలో ఏ రెండూ ఒకే నిమిషానికి ఉడకవు.

కూరగాయను ముందుగా నిర్ణయించుకోవాలి

ఓవెన్ వేడినీ, ట్రేలో ఉండవలసిన సమయాన్నీ నిర్ణయించేది కూరగాయే కనుక ఎంపిక అక్కడినుంచే మొదలుకావాలి. శరత్కాలపు కూరగాయలు స్థూలంగా రెండు వర్గాలు. గుమ్మడి, చిలగడదుంప, క్యారట్, పార్స్‌నిప్ (క్యారట్‌ను పోలిన తెల్లటి దుంప), బీట్‌రూట్‌లలో చక్కెరో పిండిపదార్థమో దండిగా ఉంటుంది. ఇవి కాలేకొద్దీ తియ్యబడతాయి. బ్రసెల్స్ స్ప్రౌట్స్, కాలీఫ్లవర్ వంటి క్యాబేజీ కుటుంబానికి చెందినవి కాలేకొద్దీ ఘాటు తగ్గి, అంచులలో కమ్మదనం తెచ్చుకుంటాయి.

మొదటి వర్గంలో ఎక్కువమంది తటపటాయించేది చిలగడదుంపకూ బటర్‌నట్ గుమ్మడికీ మధ్యనే. రెండూ నారింజ రంగులో ఉంటాయి, రెండూ తియ్యగానే ఉంటాయి, కానీ ఓవెన్‌లో వాటి ప్రవర్తన వేరు. చిలగడదుంపలో పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మార్చే ఎంజైమ్ ఒకటి ఉంది. దుంప లోపలి వేడి దాదాపు 60 నుంచి 75 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నంతసేపూ అది చురుకుగా పనిచేసి, వేడి ఇంకా పెరిగాక నశిస్తుంది. అందుకే దుంపను ముక్కలు చేయకుండా నిదానంగా కాలిస్తే పాకం కారేంత తియ్యగా అవుతుంది. 2 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి 220 డిగ్రీల ఓవెన్‌లో పెడితే ఆ దశను త్వరగా దాటిపోయి, తీపి అదుపులో ఉంటుంది. పండు కూడా చేరబోయే ఈ వంటకానికి రెండో పద్ధతే తగినది. బటర్‌నట్‌లో నీరు ఎక్కువ, పిండి తక్కువ. దాని తీపి సున్నితంగా ఉంటుంది, ముక్క లోపల మృదువుగా ఉంటుంది, కానీ నీరు ఇగిరేదాకా రంగు తిరగదు కనుక 30 నుంచి 35 నిమిషాలు ఓపిక పట్టాలి. రెండింటిలో ఒకటి తేల్చుకోవలసి వస్తే నేను బటర్‌నట్ వైపే ఉంటాను, ఎందుకంటే పులుపునైనా వగరునైనా అది తనలో ఇముడ్చుకుంటుంది. చిలగడదుంప పక్కన చేరిన ప్రతిదాన్నీ తన తీపితో కప్పివేస్తుంది. ముక్క పొడిపొడిగా, పిండిగా ఉండాలనుకునేవారికి కబోచా గుమ్మడి ఇంకా మంచిది; దాని తొక్క కాల్చాక మెత్తబడి తినదగినదిగా ఉంటుంది కనుక చెక్కే పని కూడా తప్పుతుంది. బొమ్మలు చెక్కడానికి పెంచే పెద్ద గుమ్మడికాయలను మాత్రం వంటకు తీసుకోకూడదు. వాటి గుజ్జు నీరుగా, పీచుగా ఉంటుంది.

క్యారట్, పార్స్‌నిప్ అన్నదమ్ముల్లా కనిపించినా ఒకే కొలతకు కోయకూడదు. నేలలో చలి తగిలిన పార్స్‌నిప్‌లో పిండి కొంతవరకు చక్కెరగా మారి ఉంటుంది, అందువల్ల అది క్యారట్‌కంటే ముందే ఉడికి, ముందే మాడుతుంది. దాని ముక్కలు కాస్త పెద్దవిగా ఉండాలి, మరీ లావు దుంపలైతే మధ్యనున్న కట్టెలాంటి భాగాన్ని తీసివేయాలి.

బీట్‌రూట్‌కు అభిమానులు ఎందరున్నారో దాన్ని దూరం పెట్టేవారూ అందరే ఉన్నారు. వారికి నచ్చనిది దానిలోని మట్టి వాసన. జియోస్మిన్ అనే పదార్థం వల్ల ఆ వాసన వస్తుంది, ఆమ్లం తగిలితే అది తగ్గుతుంది. కనుక బీట్‌రూట్‌ను ఎంచుకున్నవారు నారింజనో, వెనిగర్‌నో, పుల్లటి యాపిల్‌నో తప్పనిసరి తోడుగా భావించాలి. రెండో ఇబ్బంది దాని రంగు. ఎర్ర బీట్‌రూట్ ముక్కలను తక్కినవాటితో కలిపి నూనె పట్టిస్తే ట్రే అంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. వాటికి వేరే గిన్నెలో నూనె పట్టించి, ట్రేలో ఒక పక్కగా ఉంచి, వడ్డించేటప్పుడు మాత్రమే కలపడం ఒక మార్గం. పసుపు రంగు బీట్‌రూట్‌ను ఎంచుకోవడం మరింత సులువైన మార్గం.

రెండో వర్గంలో బ్రసెల్స్ స్ప్రౌట్స్‌కు చెడ్డపేరు వచ్చింది వాటిని ఎక్కువసేపు ఉడికించడం వల్లనే. వాటిలోని గంధక సమ్మేళనాలు దీర్ఘంగా ఉడికితే ఘాటైన వాసన పుట్టిస్తాయి. 220 డిగ్రీల వేడిలో, రెండు చెక్కలుగా కోసి, కోసిన వైపు ట్రేకు ఆనేలా పరిచి 20 నుంచి 25 నిమిషాల్లో ముగిస్తే ఆ వాసన రాదు, కోతకు ఎర్రటి పొర కడుతుంది, ఊడిన రేకులు కరకరలాడుతాయి. కాలీఫ్లవర్ చప్పటిది, అదే దాని బలం. పువ్వులను ఒకవైపు బల్లపరుపుగా ఉండేలా కోస్తే ఆ వైపు బాగా రంగు తిరుగుతుంది.

రెండు కూరగాయలు కలపాలనుకుంటే ఒక్కో వర్గంనుంచి ఒకటి తీసుకోవడం మేలు. గుమ్మడి ముక్కలను ముందు పెట్టి, పది నిమిషాల తరువాత స్ప్రౌట్స్‌ను చేరిస్తే రెండూ ఒకేసారి పూర్తవుతాయి. ఒకే ట్రేలో మూడు, నాలుగు రకాలను కలిపే అలవాటును నేను ప్రోత్సహించను; చూపుకు పండుగలా ఉన్నా, వాటిలో ఒకటి పచ్చిగానో మరొకటి మాడిగానో మిగలక తప్పదు.

వేడి, ట్రే, నూనె

కూరగాయ పైపొరలో తడి ఉన్నంతవరకు అక్కడి వేడి నీటి మరుగుస్థానమైన 100 డిగ్రీలను దాటదు, రంగునూ కమ్మటి వాసననూ ఇచ్చే మేయార్డ్ చర్య మాత్రం దాదాపు 140 డిగ్రీల దగ్గర ఊపందుకుంటుంది. ట్రేను కిక్కిరిసేలా నింపితే ముక్కలు ఒకదాని ఆవిరిలో మరొకటి ఉడుకుతాయి తప్ప కాలవని చెప్పేది ఇందుకే. ఒక కిలో కూరగాయలకు సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, 33 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ట్రే కావాలి; ఇంతకన్నా చిన్నదైతే రెండు ట్రేలు వాడి, సగం సమయంలో వాటి అరలను మార్చాలి. గాజు పాత్ర నెమ్మదిగా వేడెక్కుతుంది కనుక ఈ పనికి పొట్టి అంచులున్న లోహపు ట్రేనే నయం. ముదురు రంగు లోహం మరింత త్వరగా రంగు తెస్తుంది, కనుక దానిపై చివరి పది నిమిషాలు కన్నేసి ఉంచాలి. బేకింగ్ పేపర్ వేస్తే కడగడం సులువవుతుంది, కానీ నేరుగా లోహానికి తగిలినప్పుడు వచ్చేంత గట్టి పొర రాదు.

200 డిగ్రీలా, 220 డిగ్రీలా అన్న ప్రశ్నకు జవాబు పండులో ఉంది. పండు కూడా అదే ట్రేలో కాలబోతుంటే 200 చాలు; పండును చివర పచ్చిగా చల్లేటట్లయితే 220 మంచిది. లోపల ఫ్యాన్ తిరిగే ఓవెన్‌లో ఈ అంకెలను 20 డిగ్రీలు తగ్గించుకోవాలి. ఎయిర్ ఫ్రయర్ వేడిగాలిని వేగంగా తిప్పుతుంది కనుక అర కిలోలోపు పరిమాణానికి ఓవెన్‌కంటే త్వరగా, కొన్నిసార్లు ఓవెన్‌కంటే మెరుగ్గా పనిచేస్తుంది. నలుగురికి మించి వడ్డించాలంటే మాత్రం విడతలు విడతలుగా చేయవలసి వచ్చి, ఆదా అయిన సమయమంతా అక్కడే ఖర్చవుతుంది.

కిలో కూరగాయలకు రెండు నుంచి మూడు టేబుల్ స్పూన్ల నూనె, ఎనిమిది గ్రాముల దాకా ఉప్పు సరిపోతాయి. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె 200 డిగ్రీల వంటకు బాగానే నిలుస్తుంది, అంతకు మించితే శుద్ధిచేసిన నూనె నిశ్చింత. వెన్నలోని పాల పదార్థం చాలా ముందే మాడుతుంది, కనుక వెన్న రుచి కావాలనుకునేవారు దాన్ని వేరుగా కరిగించి, ఓవెన్‌నుంచి తీసిన తరువాత కలపాలి.

పండు: తాజాదా, ఎండుదా, పచ్చిగా చల్లేదా?

పొరపాట్లు ఎక్కువగా జరిగే చోటు ఇదే. యాపిల్ అన్నిటికన్నా సులువుగా దొరికే పండు కనుక చేతికి అందిన యాపిల్‌ను కోసి వేస్తారు, అరగంట తరువాత ట్రేలో యాపిల్ జాడ ఉండదు, గుజ్జు మాత్రమే ఉంటుంది. గ్రానీ స్మిత్ వంటి గట్టి, పుల్లటి రకాలు ఆకారాన్ని నిలుపుకుంటాయి. మెకింటాష్ వంటి మెత్తటి రకాలు కరిగిపోతాయి. గట్టి రకాన్నైనా చిన్న ముక్కలుగా తరగకుండా ఎనిమిది చీలికలుగా కోసి, చివరి 20 నిమిషాలకే ట్రేలో చేర్చాలి. తొక్క తీయనవసరం లేదు, అదే ముక్కను పట్టి ఉంచుతుంది.

యాపిల్‌కు బదులు బేరిపండు తీసుకోవచ్చా అని అడిగేవారికి నా జవాబు: కూరగాయ చేదుదైతే తీసుకోవచ్చు. బేరిలో పులుపు తక్కువ, సువాసన ఎక్కువ. స్ప్రౌట్స్ పక్కన అది అందంగా ఒదుగుతుంది, చిలగడదుంప పక్కన కనిపించకుండా పోతుంది. బాస్క్ రకం వేడికి నిలుస్తుంది, బాగా పండిన బార్ట్‌లెట్ నిలవదు. ఏ రకమైనా కాస్త దోరగా ఉన్న కాయనే ఎంచుకోవాలి.

గింజలేని ఎర్ర ద్రాక్షను కాల్చవచ్చని చాలామంది ఊహించరు. అదే ఈ జాబితాలో నాకు ఎక్కువ ఇష్టమైన ఎంపిక. నూనె పట్టించి చివరి 20 నిమిషాలు ట్రేలో ఉంచితే కొన్ని చిట్లి రసం వదులుతాయి, ఆ రసం చిక్కబడి కూరగాయలను పట్టుకుంటుంది, మిగిలినవి నోట్లో చిట్లుతాయి. కాలీఫ్లవర్‌తో ద్రాక్ష కలిసినట్టు మరే పండూ కలవదు. అంజూర పండు దీనికి పూర్తిగా భిన్నమైనది. పులుపు దాదాపు లేదు, తీపి ఘనంగా ఉంటుంది. దాన్ని రెండు చెక్కలుగా కోసి, కోసిన వైపు పైకి ఉండేలా పది, పదిహేను నిమిషాలు మాత్రమే ఉంచాలి, అదీ చేదు కూరగాయతో మాత్రమే.

క్రాన్‌బెర్రీల విషయంలో తాజావీ ఎండువీ ఒకే పండని భ్రమపడకూడదు. తాజావి, లేదా ఫ్రీజర్‌లోనివి, చురుక్కుమనే పులుపుతో ఉంటాయి. గుమ్మడి, చిలగడదుంపల తీపికి అవే సరైన విరుగుడు, చివరి పది, పన్నెండు నిమిషాలు చాలు, ఫ్రీజర్‌లోనివైనా కరిగించనవసరం లేదు. ఎండువాటిని సాధారణంగా చక్కెర కలిపే అమ్ముతారు, వాటిని ట్రేలో మొదటినుంచీ ఉంచితే నల్లబడి రాళ్ళలా గట్టిపడతాయి. ఎండు క్రాన్‌బెర్రీలనూ ఎండు ద్రాక్షనూ వేడి నీటిలోగానీ నారింజ రసంలోగానీ పది నిమిషాలు నానబెట్టి, ఓవెన్‌నుంచి తీసిన తరువాత కలపడమే సరైన పద్ధతి. దానిమ్మ గింజలను అసలు వేడి చేయకూడదు. వడ్డించే ముందు చల్లితే రంగునూ పులుపునూ కరకరనూ ఒక్కసారే ఇస్తాయి. సమయం గురించి ఆలోచించే ఓపిక లేనివారికి అన్ని పండ్లలోనూ ఇదే సురక్షితమైనది.

నట్స్: తక్కువ పరిమాణం, ఎక్కువ ప్రభావం

కిలో కూరగాయలకు 250 నుంచి 300 గ్రాముల పండు, 60 నుంచి 75 గ్రాముల నట్స్ అన్నది నాకు నచ్చిన కొలత. నట్స్‌ను కూరగాయలతోపాటే కాల్చాలా, వేరుగా వేయించాలా అన్న ప్రశ్నలో నేను రెండోదాన్నే సమర్థిస్తాను. వాటిలో నీరు తక్కువ, కొవ్వు ఎక్కువ కనుక 220 డిగ్రీల్లో కొద్ది నిమిషాలకే మాడుతాయి. మాడకపోయినా కూరగాయలనుంచి లేచే ఆవిరికి మెత్తబడతాయి. 170 డిగ్రీల వద్ద ఎనిమిది నుంచి పది నిమిషాలు వేరుగా వేయించి, చల్లారాక పలుకులు చేసి, వడ్డించేటప్పుడు చల్లితే వాటి కరకర నిలుస్తుంది. రెండుసార్లు ఓవెన్ వాడడం ఇష్టంలేనివారు పొడి మూకుడులో సన్నని సెగపై కదుపుతూ వేయించుకోవచ్చు.

రకాల మధ్య తేడా చిన్నది కాదు. వాల్‌నట్ పొట్టులోని వగరు గుమ్మడికీ యాపిల్‌కూ చక్కగా ఎదురు నిలుస్తుంది, కానీ దానిలోని కొవ్వు త్వరగా పాడయ్యే రకం కనుక వాడేముందు ఒకటి నమిలి చూడాలి. పాత నూనె వాసన వస్తే వంటకమంతా చెడుతుంది. పీకాన్ తియ్యగా, మెత్తగా, వెన్నలా ఉంటుంది, అందుకే దాన్ని చిలగడదుంపతో కలిపే ప్రసిద్ధమైన జోడింపు నాకు అంతగా నచ్చదు. స్ప్రౌట్స్‌తో కలిపితే అదే పీకాన్ విలువ తెలుస్తుంది. హేజెల్‌నట్ బీట్‌రూట్‌కూ కాలీఫ్లవర్‌కూ తగినది, వేయించిన వెంటనే గుడ్డలో మూటగట్టి రుద్దితే పొట్టు చాలావరకు ఊడుతుంది. బాదం గట్టిది, రుచిలో మృదువైనది, దేనితోనైనా సర్దుకుంటుంది, అయితే సన్నగా చీల్చిన బాదం చూస్తుండగానే మాడుతుంది. చెస్ట్‌నట్‌ను మాత్రం ఈ వర్గంలో లెక్కించకూడదు. దానిలో కొవ్వు చాలా తక్కువ, పిండి ఎక్కువ, కరకర అసలే లేదు. దాన్ని మరో కూరగాయగా భావించి, పెంకుపై కత్తితో గాటు పెట్టి కాల్చి ఒలిచిన తరువాత చివరి పది నిమిషాలకు ట్రేలో చేర్చి, కరకర కోసం ఇంకొక నట్‌ను తప్పక తోడు తెచ్చుకోవాలి. గాటు పెట్టకపోతే లోపలి ఆవిరికి పెంకు పేలుతుంది.

పూతలు, ఆకులు

తేనెనూ మేపుల్ సిరప్‌నూ మొదట్లోనే పోస్తే ముక్కలు ఉడికేలోపే ట్రే నల్లబడుతుంది. తప్పదనుకుంటే చివరి పది నిమిషాలకు, ఒక టేబుల్ స్పూన్‌కు మించకుండా కలపాలి. ట్రేలో పండు ఉన్నప్పుడు అది చాలాసార్లు అనవసరం. బాల్సమిక్ వెనిగర్, నిమ్మరసం ఓవెన్ బయటే కలపాలి. రోజ్‌మేరీ, థైమ్, సేజ్ వంటి గట్టి ఆకులు వేడిని తట్టుకుంటాయి కనుక నూనెతోపాటే వేయవచ్చు, పుదీనా, పార్స్లీ చివరలోనే వేయాలి.

ఏ భోజనానికి ఏ జోడింపు?

ప్రధాన వంటకం కొవ్వుతో బరువుగా ఉంటే దాని పక్కన చేదూ పులుపూ ఉన్న ట్రే కావాలి: బ్రసెల్స్ స్ప్రౌట్స్, ఎర్ర ద్రాక్ష, వాల్‌నట్, పైన కొద్దిగా వెనిగర్. ప్రధాన వంటకం తేలికగా, చప్పగా ఉంటే బటర్‌నట్, గ్రానీ స్మిత్ యాపిల్, హేజెల్‌నట్ కడుపు నింపే పని కూడా చేస్తాయి. పెద్ద విందుకు, అనేక వంటకాల నడుమ, రంగు కళ్ళకు కట్టాలంటే పసుపు బీట్‌రూట్, నారింజ ముక్కలు, బాదం తీసుకుని పైన దానిమ్మ గింజలు చల్లడం బాగుంటుంది. ఇది చల్లారినా రుచి తగ్గదు కనుక ఓవెన్ ఖాళీ లేని రోజున ముందే చేసి ఉంచుకోవచ్చు. పిల్లలు తినాలంటే కాలీఫ్లవర్, ద్రాక్షల జంటను ముందుగా ప్రయత్నించమంటాను. చిన్నవారికైతే ద్రాక్షను నిలువుగా చీల్చి, నట్స్‌ను మెత్తగా దంచి వేయాలి. చిలగడదుంప తప్ప మరేదీ దొరకని రోజున తాజా క్రాన్‌బెర్రీలూ వాల్‌నట్‌లూ వేసి, తేనె జోలికి పోకుండా ఉంటే చాలు.

అతిథుల్లో ఎవరికైనా నట్స్ పడవని తెలిస్తే వాటిని పక్క గిన్నెలో పెట్టినంత మాత్రాన సరిపోదు, ఒకే గరిటె రెండు గిన్నెల్లోనూ తిరుగుతుంది. ఆ రోజుకు నట్స్‌ను పూర్తిగా మాని, వేయించిన గుమ్మడి గింజలో పొద్దుతిరుగుడు గింజలో వాడడం ఉత్తమం. అయితే వాటి పొట్లంపై నట్స్ తగిలి ఉండవచ్చన్న హెచ్చరిక ఉందేమో చదవాలి.

మిగిలిన కూరగాయలను వండిన రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు, నాలుగు రోజులు నిలుస్తాయి. 200 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు వేడి చేస్తే అంచులు మళ్ళీ గట్టిపడతాయి, మైక్రోవేవ్‌లో వేడి చేస్తే అలా గట్టిపడవు. నట్స్‌ను మాత్రం మొదటినుంచీ మూత బిగుతుగా ఉన్న వేరే డబ్బాలో దాచి, వేడి చేసిన తరువాతే కలపాలి.